అక్క గదిలో రంగుల రభస

మా నాన్న ఒకసారి ఇనుప సామాన్ల కొట్టు గోడ మీద మేకు బొమ్మ వేశాడు. మామూలు మేకు కాదు, తలకాయ మీద సుత్తి దెబ్బలు కూడా కనపడే మేకు. ఒకాయన వానలో తడిసి వచ్చి, గొడుగు ఆ మేకుకు తగిలించి లోపలికి వెళ్ళాడు. గొడుగు వేలాడింది. బేరమాడినంతసేపూ వేలాడింది. ఆయన బయటికొచ్చి, ఇదేమిటి, బొమ్మలా ఉందే అని అనుమానపడ్డాడు చూశారూ, అప్పుడు పడింది కింద.

ఈ సంగతి నేను చెప్పినప్పుడల్లా మా అక్క, "గొడుగు పట్టుకుని నాన్న అక్కడే నిలబడ్డాడురా, నాకు తెలుసు" అనేది. ఆ రోజు తను కొట్టు దగ్గరే ఉందట. నేను అప్పటికి పుట్టలేదు. పుట్టనంత మాత్రాన చూడలేదని ఎక్కడుంది?

ఆ నాన్న దగ్గరే నేను కుంచె పట్టాను. మా పల్లెటూరి బడిలో అక్షరాలు నేర్పారు గాని, వాటిని లావు చేయడం, వంచడం, నిలబెట్టి నడిపించడం ఇంట్లోనే నేర్చుకున్నాను. ఇప్పుడు వీధి మొదట్లో కింద మా బోర్డులు రాసే కొట్టు, దాని పైన అక్క గది. కొట్టులో నాకు తోడు నా బావమరిది. వాడు ఒక అక్షరం రాశాడంటే దాని పక్కన నీడ వేయకుండా కుంచె కడగడు. నీడ లేని అక్షరం వాడి కంటికి చొక్కా లేని మనిషి. అక్క బట్టలు కుట్టేది. ఈ వీధిలో ఎవరి భుజాలు ఎంత వంకరగా ఉన్నా ఆవిడ కుట్టిన చొక్కా తొడిగాక తిన్నగా కనపడేవి. మా బావ తొందరగా పోయాడు. కూతుర్ని ఆ కుట్టుమిషను మీదే పెంచి, చదివించి, నర్సును చేసింది.

అటువంటి అక్కకు చూపు మసకబారింది. పూర్తిగా పోలేదు. కళ్ళ డాక్టరు మంచి మనిషి, మాకు అర్థమయ్యేటట్టు చెప్పాడు. "పెద్దది చిన్నది అని కాదు ఈవిడ చిక్కు. పక్కపక్కన ఉన్న రెండు వస్తువులు ఒకే తీరుగా ఉంటే విడదీసి చూడలేరు. తెల్లదాని మీద తెల్లది పెడితే అది లేనట్టే. నల్లదాని మీద తెల్లది పెట్టండి, చూస్తారు." ఆపరేషన్ చేసి బాగుచేసే జబ్బు కాదట. ఇలాగే ఉంటుందట.

ఇంటికొచ్చి ఆ గది చూసుకుంటే నాకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. వెలుగు బాగుంటుందని దానికి తెలుపు వేసింది నేనే. గోడ తెలుపు, తలుపు తెలుపు, స్విచ్చి తెలుపు, అలమర తెలుపు, అందులో కప్పులు తెలుపు. మనకు అది గది. మా అక్కకు పొగమంచు.

ఒక ఉదయం తెల్ల కప్పులో కాగిన పాలు పోసుకుంటూ, కప్పు ఎక్కడ అయిపోయిందో, బల్ల ఎక్కడ మొదలైందో తెలియక సగం పాలు మణికట్టు మీద పోసుకుంది. మేనకోడలు పరుగున వచ్చి కట్టు కట్టింది. కట్టు కడుతూనే మొదలుపెట్టింది.

"ఇంక చాలమ్మా. వచ్చి మా ఇంట్లో ఉండు. ఒక మూల హాయిగా కూర్చుందువుగాని."

"ఏ మూల? చీపురు పెట్టే మూలేనా?"

"మాటలకేం తక్కువ లేదు. చెయ్యి చూసుకో, ఎలా బొబ్బలెక్కిందో!"

"చూసుకోగలిగితే కాలేదే కాదు కదే."

నేను నవ్వాను. మేనకోడలు నా వైపు ఒక చూపు చూసింది. ఆ నవ్వు గొంతులోనే ఎండిపోయింది.

"నువ్వు నవ్వకు మావయ్యా. రేపు మెట్ల మీద పడితే ఎవరు లేపుతారు? నువ్వా? నిచ్చెన దిగడానికి నీకే ఒక మనిషి కావాలి."

అది నిజమే కాబట్టి నేను రంగు డబ్బా మూత బిగించడంలో మునిగిపోయాను.

అక్క కట్టు కొస లోపలికి దోపుకుంది. తరవాత, "మీ ఇంటికి రాననడం లేదే. వస్తాను. చుట్టంలా వస్తాను గాని సామానులా రాను," అంది. "నా టీ నేను పెట్టుకుని, నా మెట్లు నేను దిగగలిగినన్నాళ్ళు నేను ఇక్కడే ఉంటాను. నీకు నమ్మకం లేకపోతే ఈ ఆదివారం కాక ఆ పై ఆదివారం వచ్చి కూర్చో. నీకు టీ పెట్టి ఇస్తాను. వీధిలోకి దిగి, మళ్ళీ ఎక్కుతాను. నువ్వు చెయ్యి వేయకూడదు, నోరు విప్పకూడదు. చేయలేకపోయానా, నా పెట్టె నేనే సర్దుకుని నీ వెంట వస్తాను."

"మాట తప్పవు కదా?"

"నేను కుట్టిన గుండీ ఎప్పుడైనా ఊడిందా?"

మేనకోడలు సరేనంది. అక్క వాకిట్లోంచి దాని అడుగుల చప్పుడు వింటూ నిలబడి, అది వీధి దాటిందని తెలిశాక నా వైపు తిరిగింది. నేను ఒక అడుగు ఎడంగా ఉన్నాను, ఆవిడ మాత్రం నేను అంతకు ముందు నిలబడ్డ చోటుతో మాట్లాడింది. "తమ్ముడూ, గొప్పగా అయితే అనేశాను. ఇప్పుడెలారా?"

"రంగుల కొట్టు మీద కాపురం పెట్టి ఆ మాట అంటావేమిటక్కా!" అన్నాను.

బావమరిదికి కబురు చెప్పేసరికి కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది. గది మొత్తం వాడి చేతికి వచ్చింది మరి. అక్కను రెండు రోజులు మా ఇంట్లో ఉంచి, ఇద్దరం గది మీద పడ్డాం. మా వృత్తికి పాఠం ఒకటే. వీధికి అవతల పోయేవాడి మెడ ఇటు తిరగాలి. కాబట్టి తలుపుకు ఎరుపు, గోడకు ఆకుపచ్చ, ద్వారబంధానికి పసుపు వేశాం. అలమరలో ఏ అరకా అర రంగు. స్విచ్చి చుట్టూ ఉదయిస్తున్న సూర్యుడు, కిరణాలతో సహా. స్టవ్ ఇటు అని ఒక బాణం, మంచినీళ్ళు అటు అని ఇంకో బాణం. మెట్ల దగ్గర మా బావమరిది పనితనం చూసితీరాలి. ప్రతి మెట్టు అంచునా పసుపు గీత గీశాడు. గీసి ఊరుకున్నాడా? ప్రతి గీత వెనక నల్లటి నీడ వేశాడు. చూస్తే మెట్లు గాలిలో తేలుతున్నాయి. పక్కింటి పిల్లి ఒకటి అది ఎక్కాల్సిన మెట్టో ఎగరాల్సిన మెట్టో తేల్చుకోలేక, అక్కడే కూర్చుని ముసలిదైపోయింది.

అక్కను తీసుకొచ్చి గుమ్మంలో నిలబెట్టాం. ఇద్దరం మెచ్చుకోలు కోసం పెళ్ళికొడుకుల్లా నిలబడ్డాం.

అక్క తల అటూ ఇటూ తిప్పింది. "ఏరా, లోపల ఎంతమంది ఉన్నారు?"

"ఎవరూ లేరక్కా."

"మరి ఈ గోలేమిటి?"

దీపం వేద్దామని చెయ్యి చాపింది. చెయ్యి నేరుగా సూర్యుడి కిరణం మీదికి వెళ్ళింది. నొక్కింది. వెలగలేదు. ఇంకో కిరణం నొక్కింది. స్విచ్చి మధ్యలో అలాగే ఉంది. ఎర్ర తలుపు తీసి పెట్టి ఉంది, దాన్ని గోడ అనుకుని ఆనుకోబోయింది.

"మెట్లు చూడండి వదినా, మెట్లు!" అన్నాడు బావమరిది, వాడి ఆశ అంతా అక్కడే ఉంది.

అక్క గోడ పట్టుకుని పై మెట్టు మీద నిలబడింది. కింద నల్ల గీత కనపడింది. కనపడాలనే కదా వేశాం. ఆ నలుపును ఆవిడ లోతు అనుకుంది. దిగాలని కాలు జార్చింది. అక్కడ లోతు లేదు, ఇంకా మెట్టే ఉంది. పాదం ఠక్కున తగిలి మనిషి ముందుకు తూలింది. నేను భుజం పట్టుకున్నాను గాని, నా పట్టుకంటే ఆవిడ గోడకు ఆనించిన చెయ్యే ఆపింది. అక్కడే కూర్చుండిపోయింది. నా గుండె ఎక్కడుందో వెతుక్కోవడానికి కొంతసేపు పట్టింది.

"మరిదీ," అంది ఊపిరి తీసుకుని. "ఈ నల్లగీత ఏమిటయ్యా?"

"నీడ వదినా."

"దేని నీడ?"

"పసుపు గీత నీడ."

"గీతకు నీడెందుకు? ఎండలో నిలబడిందా?"

బావమరిది మొహం మాడిపోయింది. "అలవాటు వదినా. వద్దనుకున్నా చెయ్యి వేసేస్తుంది," అన్నాడు చిన్నగా.

ఆ మధ్యాహ్నం ముగ్గురం గదిలో కూర్చున్నాం. ఆవిడను ఆ గదిలో ఉంచాలని మొదలుపెట్టి, ఆవిడను అక్కడి నుంచి పంపించే పని మేమే చేస్తున్నామని నాకు తెలిసిపోయింది. నా కళ్ళజోడు అద్దాలకు నూనె కాగితం ముక్కలు అంటించి పెట్టుకున్నాను. బొమ్మ సరిగ్గా వచ్చిందో లేదో చూడాలంటే కళ్ళు సగం మూసి చూడమనేవాడు నాన్న. "రంగు చూడకురా, బరువు చూడు, ఎంత ముదురో ఎంత లేతో చూడు" అనేవాడు. బోర్డులు రాసీ రాసీ ఆ మాట ఎక్కడో పారేశాను. నూనె కాగితం లోంచి చూస్తే ఎర్ర తలుపు లేదు, ఆకుపచ్చ గోడా లేదు. రెండూ ఒకే బూడిద ముద్ద. ఎరుపుకూ ఆకుపచ్చకూ గొంతులు వేరు గాని బరువు ఒకటే. వీధిలో అరుచుకునే ఇద్దరు తోడికోడళ్ళు తూకానికి ఎక్కితే ఒకే తూకం తూగినట్టు.

"ఇద్దరూ ఇలా వినండి," అంది అక్క. "నేను నల్ల బట్ట కుట్టేటప్పుడు ఏం చేసేదాన్ని? మడత వచ్చే చోట తెల్లదారంతో టాకా వేసేదాన్ని. బట్టంతా టాకాలు వేస్తే మడత ఎక్కడో నాకేం తెలుస్తుంది? మీరు నా గదంతా టాకాలు వేశారు."

"అన్నీ కనపడాలని వేశామక్కా."

"అందరూ పల్లకీ ఎక్కితే మోసేదెవర్రా? గోడను మొయ్యమను. నేలను మొయ్యమను. నన్ను కాల్చేదీ, పడేసేదీ, రోజూ చేతికి కావలసినదీ, ఇవి మాత్రం ఎక్కితే చాలు."

మర్నాటి నుంచి ఆవిడ కుర్చీలో కూర్చుని చెబుతుంటే మేము చేశాం. ముందు గోడలన్నిటి నోరు మూయించాం. తెలుపులో కాస్త నలుపు, కంటికి తెలిసీ తెలియనంత నీలం కలిపి, చినుకు పడే ముందు మబ్బులాంటి బూడిద రంగు వేశాం. బోర్డులు రాసేవాడికి ఇంతకంటే కష్టమైన పని లేదు. ఖాళీ గోడ చూస్తే మా బావమరిదికి ఆకలేస్తుంది.

"ఒక్క పువ్వు వదినా," అన్నాడు మూడో గోడ అయ్యాక. "మూలన. ఇంత చిన్నది."

"ఆ పువ్వును స్విచ్చి అనుకుని నేను పొద్దస్తమానం నొక్కుతూ కూర్చోవాలా?"

"పోనీ ఆకు?"

"కుంచె కింద పెట్టి టీ తాగు మరిదీ."

తలుపు ముదురు నీలం, ఇంచుమించు నలుపు. దానికి తెల్ల పిడి. స్విచ్చి తెల్లదే, దాని వెనక అరచేతి వెడల్పున నల్ల పలక. అలమర వెనక్కి నల్లరంగు వేస్తే, అందులో తెల్లకప్పులు చీకట్లో ఎవరో పళ్ళికిలించినట్టు కనపడ్డాయి. ఒక్క కప్పు మాత్రం నల్లది తెప్పించాం, పాలకు. నల్ల కప్పులో పాలు ఎంతవరకు వచ్చాయో కళ్ళు మూసుకున్నా తెలుస్తుంది అంటే కొంచెం ఎక్కువ చెప్పినట్టు గాని, అక్కకు తెలిసింది. టీకి తెల్ల కప్పు. స్టవ్ బటన్ నల్లగా ఉండేది, దాని మీద లావుగా ఒక తెల్ల గీత గీశాను. గీత నిలబడితే మంట లేదు, పడుకుంటే ఉంది.

మెట్లన్నీ ముదురు బూడిద. అంచున ఒక్క పసుపు గీత. ఆ గీతలు గీసేటప్పుడు నేను బావమరిది పక్కనే కూర్చున్నాను. ప్రతి గీతా అవ్వగానే వాడి చెయ్యి నల్ల డబ్బా వైపు కొంచెం కదిలేది. నేను దగ్గేవాడిని. చెయ్యి ఆగేది. ఆఖరి మెట్టుకు మాత్రం అక్క వెడల్పాటి తెల్లపట్టీ వేయమంది. "మెట్లు అయిపోయాయని కాలికి ఎవరైనా చెప్పాలి కదరా. లేకపోతే లేని మెట్టు కోసం వెతుకుతుంది."

రంగు ఆరాక దిగి చూసింది. పసుపు, పసుపు, పసుపు. అన్నీ ఒకే ఎడం, ఒకే వెడల్పు. నాలుగైదుసార్లు దిగి ఎక్కేసరికి ఆ కాళ్ళకు ఒక నడక కుదిరింది, పాత రోజుల్లో కుట్టుమిషను తొక్కినప్పటి నడక. తెల్లపట్టీ రాగానే ఆగి, తల ఎత్తి నవ్వింది. నేను నూనె కాగితం కళ్ళజోడుతో వెంట దిగుదామని చూసి, మొదట్లోనే బల్లకు మోకాలు కొట్టుకున్నాను. బల్ల సంగతి మేం మరిచిపోలేదు, దాని అంచుకూ పట్టీ ఉంది. నేనే అక్క చెప్పిన దారిలో నడవలేదు.

ఆదివారం మేనకోడలు వచ్చింది. డ్యూటీ దిగి, బట్టలు మార్చుకుని వచ్చింది. గుమ్మంలో నిలబడి గదంతా చూసింది. "ఇదేమిటి మావయ్యా, మీ చేతిలో పడ్డ గది ఇంత నెమ్మదిగా ఉందేం?" అంది.

"మీ అమ్మ మమ్మల్ని కొట్టింది," అన్నాడు బావమరిది.

"పాపం బాబాయ్!" అంటూ కిటికీ పక్కన కుర్చీలో, గోడకు ఆనుకుని కూర్చుంది. పెదవులు బిగించింది. పందెం మొదలైంది.

అక్క అలమర దగ్గరికి వెళ్ళి నల్లకప్పు తీసింది. పాలు పోసింది. నలుపులో తెలుపు మెల్లగా పైకి వచ్చి, అంచుకు వేలెడు కింద ఆగింది. గిన్నె పెట్టి, స్టవ్ వెలిగించి, బటన్ మీది గీత పడుకుందా అని వంగి చూసుకుంది. టీ పొంగు వచ్చే చప్పుడుకే గీతను నిలబెట్టింది. తెల్లకప్పులో పోస్తుంటే కుర్చీ అంచు పట్టుకున్న మేనకోడలి వేళ్ళు తెల్లబడ్డాయి. టీ నిండి, ఆగింది. చుక్క ఒలకలేదు. ఆ వేళ్ళు వదులయ్యాయి.

అక్క కప్పు పట్టుకుని ఇటు తిరిగింది. తిరిగి, ఆగిపోయింది.

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. తరవాత మేనకోడలి వైపు చూశాను. అది బూడిద రంగు బట్టల్లో వచ్చింది. సరిగ్గా మా గోడ రంగు. మబ్బులో మబ్బులా కూర్చుంది. గదిలో ప్రతి వస్తువుకూ రంగు ఆలోచించాం గాని, వచ్చే మనిషి ఏ రంగులో వస్తుందో ఎవరు ఆలోచించారు? బావమరిది మోచేత్తో నన్ను పొడిచాడు. పొడిస్తే నేను మాత్రం ఏం చేయను?

అక్క కళ్ళు తలుపు దగ్గర ఆగాయి, అలమర దగ్గర ఆగాయి, కుర్చీ మీది నుంచి ఆగకుండా వెళ్ళిపోయాయి. కప్పు లోంచి ఆవిరి లేస్తోంది.

"ఎక్కడ కూర్చున్నావే?" అంది.

మేనకోడలు నోరు విప్పలేదు. పందెం దాని చేతిలోకి వచ్చేసింది. ఇంకొంచెం సేపు అలాగే కూర్చుంటే చాలు, అమ్మ పెట్టె సర్దుకుని వెంట వచ్చేస్తుంది. ఇక చెయ్యి కాలుతుందన్న భయం ఉండదు, మెట్ల భయం ఉండదు. రాత్రి ఫోను మోగితే ఉలిక్కిపడక్కర్లేదు. ఇవన్నీ దాని మొహం మీద నాకు కనపడుతున్నాయి. అక్క కప్పు పట్టుకుని, తల కొంచెం పక్కకు వంచి నిలబడింది. తొందరపడలేదు, తడుముకోలేదు. ఎదురుచూసింది, అంతే.

"ఇక్కడున్నానమ్మా," అంది మేనకోడలు. "కిటికీ పక్కన."

అక్క నేరుగా వెళ్ళి కప్పు చేతికిచ్చింది.

రెండు గుక్కలు తాగి మేనకోడలు, "నేను నీకు కనపడలేదు," అంది.

"కనపడలేదు."

"మరి?"

"అడిగాను కదే. కప్పు పలకదు, మెట్టు పలకదు. అందుకని వాటికి వీళ్ళు రంగు వేశారు. పిలిస్తే పలికే మనిషికి రంగెందుకు?"

మేనకోడలు కప్పులోకి చూస్తూ కూర్చుంది. "నోరు విప్పకూడదన్నావు. విప్పాను. పందెం నేనే ఓడిపోయానులే," అంది. ఇంకో గుక్క తాగి, "టీలో చక్కెర మరీ ఎక్కువైంది," అని కూడా అంది.

"అది కళ్ళ తప్పు కాదు. నాకు అలాగే ఇష్టం."

మెట్ల సంగతి ఎవరూ అడగలేదు. అక్కే లేచి, "పద, కింద దాకా వస్తాను," అంది. తల్లి ముందు, కూతురు వెనక. మొదటి మెట్టు దగ్గర మేనకోడలి చెయ్యి తల్లి భుజం దాకా వెళ్ళింది. తాకలేదు. దిగినంతసేపూ ఆ చెయ్యి భుజానికి జానెడు వెనక గాలిలో అలాగే దిగింది. తెల్లపట్టీ దగ్గర అక్క ఆగి, వీధిలోకి అడుగు పెట్టి, గాలి పీల్చుకుని, వెనక్కి తిరిగి ఎక్కేసింది. అప్పుడు గాని మేనకోడలు చెయ్యి దించుకోలేదు.

కొట్టు ముందు నిలబడి చెప్పులు వేసుకుంది. "మావయ్యా, రేపటి నుంచి పొద్దున్నే ఒకసారి నాకు ఫోను చెయ్యి," అంది. సరేనన్నాను. వీధి మలుపు దాకా వెళ్ళి వెనక్కి చూసింది. పైన కిటికీలో అక్క నిలబడి ఉంది. మేనకోడలు చెయ్యి ఎత్తి ఊపింది. ఊపుతూ ఊపుతూ ఆపేసి, రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుని అరిచింది.

"అమ్మా! వెళ్ళొస్తానే!"

వీధిలో ఉన్నవాళ్ళంతా తలెత్తి చూశారు. సైకిలు మీద పోయేవాడు కాలు కింద పెట్టి ఆగాడు.

"అంత అరవక్కర్లేదే!" అంది అక్క కిటికీలోంచి. "నాకు తగ్గింది చూపు, వినికిడి కాదు. ఇంటికి చేరగానే ఫోను చెయ్యి."